శాలువా సరే, సంఘం ఎప్పుడు?

ఆ మధ్య ఒక సెప్టెంబర్ 30న హైదరాబాద్‌లో ఒక చిన్న హాల్లో జరిగిన సభకి వెళ్ళాను. అంతర్జాతీయ అనువాద దినోత్సవం. నలభై కుర్చీలు, ఇరవై మంది మనుషులు, వేదిక మీద ఏడుగురు. ముప్పై ఏళ్ళుగా అనువాదాలు చేస్తున్న ఒక పెద్దాయనకి శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. అనువాదం పరకాయ ప్రవేశమని ముగ్గురు, అనువాదం ఒక తపస్సని ఇద్దరు మాట్లాడారు. సభ అయ్యాక టీ తాగుతూ ఆయన్ని అడిగాను: "సార్, మీ చివరి పుస్తకానికి ఎంత ఇచ్చారు?"

ఆయన నవ్వారు. "పాతిక కాపీలు ఇచ్చారు బాబూ. ఇంకో పాతిక తగ్గింపు ధరకి నేనే కొనుక్కున్నాను."

"అగ్రిమెంట్?"

"మనవాళ్ళే కదా, అగ్రిమెంట్ ఏమిటి!"

ఆ "మనవాళ్ళే కదా" గురించే ఈ వ్యాసం. తెలుగులో అనువాదకులకి సన్మానం చేసే సంస్థలకి కొదవ లేదు. కానీ కాంట్రాక్ట్ నమూనా చేతిలో పెట్టి "ఈ షరతు ఉంటే సంతకం పెట్టకు" అని చెప్పే సంఘం, తప్పు చేసిన సభ్యుణ్ణి పిలిచి "ఇదేంటయ్యా" అని నిలదీసే సంఘం కనిపించదు. అది లేకపోతే నష్టం అనువాదకుడి జేబుకే అనుకుంటాం. చదివేవాళ్ళకీ, వినేవాళ్ళకీ, మందు మింగేవాళ్ళకీ కూడా నష్టమే. ఇది నేను సాహిత్య సభల్లో నేర్చుకున్న సంగతి కాదు, ఆఫీసులో నేర్చుకున్నాను.

*

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. కొన్నేళ్ళ క్రితం ఒక హెల్త్ యాప్ మీద పని చేశాను. రక్త పరీక్షలు బుక్ చేసుకోవడం, రిపోర్టులు చూసుకోవడం, అంతే. దాన్ని తెలుగుతో సహా అయిదారు భాషల్లోకి తేవాలన్నారు. ఈ పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. యాప్‌లో కనిపించే ప్రతి మాటనీ, బటన్ మీద ఉన్న ఒక్క పదంతో సహా, స్ట్రింగ్ అంటాం. ఆ స్ట్రింగులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కుతాయి. షీట్ ఒక పెద్ద ఏజెన్సీకి, అక్కణ్ణుంచి ఒక చిన్న ఏజెన్సీకి, అక్కణ్ణుంచి ఎక్కడో ఇంట్లో కూర్చున్న అనువాదకుడికి వెళ్తుంది. అతనికి స్క్రీన్ కనిపించదు. ఆ పదం ఎక్కడ వస్తుందో, దాని ముందూ వెనకా ఏముందో తెలియదు. పదానికి ఇంత అని లెక్క. అందుకే "బుక్" అన్న బటన్ "పుస్తకం" అయి తిరిగొచ్చింది. "డిశ్చార్జ్ సమ్మరీ" కాస్తా "విడుదల సారాంశం" అయింది, పేషెంటు చర్లపల్లి జైలు నుంచి బయటికొస్తున్నట్టు. టీమంతా నవ్వుకున్నాం. నేనైతే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

ఆ నవ్వు ఇంకో స్ట్రింగ్ దగ్గర ఆగిపోయింది. షుగర్ టెస్ట్ పేజీలో "ఫాస్టింగ్ రిక్వైర్డ్" అని ఉంటుంది. తెలుగులో అది "ఉపవాసం తప్పనిసరి" అయింది. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. కానీ మన ఇళ్ళల్లో ఉపవాసం అంటే ఏమిటి? అన్నం ముట్టకపోవడం. పాలు తాగొచ్చు, పండు తినొచ్చు, కొందరిళ్ళల్లో సాయంత్రానికి ఉప్మా కూడా తినొచ్చు. ఒక పెద్దావిడ ఆ మాట చదివి, ప్రతి శనివారం ఎలా ఉంటుందో అలాగే ఉంది. పొద్దున్నే గ్లాసుడు పాలు తాగి, రెండు అరటిపళ్ళు తిని, వెళ్ళి రక్తం ఇచ్చింది. రిపోర్టులో షుగర్ ఎక్కువొచ్చింది. డాక్టర్ మాత్రల డోసు పెంచారు. వారం తర్వాత షుగర్ పడిపోయి ఆవిడ వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. కూతురికి అనుమానం వచ్చి యాప్ తెరిచి చూసింది. ఆమె రాసిన కంప్లైంటు టికెట్‌గా మారి నా దగ్గరికి వచ్చింది.

ఇక్కడ కావాల్సిన మాట తెలుగులో ఎప్పణ్ణుంచో ఉంది. పరగడుపున. నాటు మందు ఇచ్చే ప్రతి అమ్మమ్మ నోటా ఉన్న మాటే. ఇది కూడా తెలియనివాడికి పని ఎవరిచ్చారని తిట్టుకుంటూ పాత ఫైళ్ళన్నీ వెతికాను. చిన్న ఏజెన్సీ పెద్ద ఏజెన్సీకి పంపిన షీట్ ఒకటి దొరికింది. అందులో మా దాకా రాని కాలమ్ ఒకటి ఉంది. ఈ స్ట్రింగ్ పక్కన అనువాదకుడు రాసిన వాక్యం: "ఇది పూజకి ఉండే ఉపవాసమా, టెస్టు ముందు ఏమీ తినకుండా ఉండటమా? రెండోదైతే 'పరగడుపున' అని మార్చాలి. దయచేసి చెప్పండి."

సరైన ప్రశ్నే అడిగాడు. జవాబు కూడా చేతికిచ్చాడు. ఫైల్ శుభ్రం చేసేటప్పుడు ఎవరో ఆ కాలమ్ తీసి పారేశారు. మేము నవ్వుకున్న "పుస్తకం" పక్కన కూడా "ఇది నామవాచకమా, క్రియా?" అన్న ప్రశ్న ఉంది.

నా కోడ్‌లో నాకు సందేహం వస్తే ప్రొడక్ట్ మేనేజర్‌ని పిలిచి అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఆ పని పక్కన పెడతాను. ఎవరూ ఏమీ అనరు, పైగా జాగ్రత్తగల మనిషని మెచ్చుకుంటారు. అదే షీట్ మీద పని చేసిన అనువాదకుడు పని ఆపితే, సాయంత్రానికి షీట్ ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఇద్దరికీ తేడా తెలివిలో లేదు. నాకు అడిగే హక్కు ఉంది, అతనికి లేదు. ఒంటరిగా ఉన్నవాడికి ఆ హక్కు రాదు. అది సంఘం ఉంటేనే వస్తుంది.

*

ఈ హక్కు ఎక్కడో ఊహల్లో ఉన్నది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1945-46లో, న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుల విచారణ జరిగింది. ఇంగ్లీష్, ఫ్రెంచ్, రష్యన్, జర్మన్, నాలుగు భాషల్లో ఒకేసారి నడిచిన విచారణ అది. మాట్లాడుతుండగానే వెంటవెంటనే మరో భాషలో చెప్పే దుబాసీలని అంత పెద్ద స్థాయిలో వాడడం అదే మొదలు. అక్కడ మాట్లాడేవాళ్ళ ముందు రెండు దీపాలు పెట్టారు. పసుపు దీపం వెలిగితే నెమ్మదిగా మాట్లాడాలి. ఎర్ర దీపం వెలిగితే ఆపాలి. జడ్జీ అయినా, ప్రాసిక్యూటర్ అయినా, గోరింగ్ అయినా సరే. దుబాసీలు మూడు జట్లుగా వంతులేసుకుని పని చేశారు, ఎందుకంటే అలసిపోయిన మెదడు అబద్ధం చెప్తుంది. మనిషి ప్రాణం ఒక క్రియాపదం మీద ఆధారపడినప్పుడు, ఆ క్రియాపదం చెప్పేవాడికి "ఆగండి" అనే అధికారం ఉండాలని ఆ కోర్టుకి అర్థమైంది.

ఏడెనిమిదేళ్ళకి, 1953లో, పారిస్‌లో రెండు సంఘాలు పుట్టాయి. ఒకటి కాన్ఫరెన్స్ దుబాసీల అంతర్జాతీయ సంఘం. రెండోది దేశదేశాల అనువాదక సంఘాలన్నిటినీ కలిపే అంతర్జాతీయ సమాఖ్య. మొదటిది ఐక్యరాజ్యసమితితో కూర్చుని ఫ్రీలాన్స్ దుబాసీల జీతభత్యాల మీద, పని గంటల మీద ఒప్పందాలు చేసుకుంటుంది. ఒక బూత్‌లో ఇద్దరుండాలి, అరగంటకో వంతు మారాలి అన్న పద్ధతులు ఇవాళ అక్కడ మామూలు విషయాలు. 1958లో బ్రిటన్ రచయితల సంఘంలో భాగంగా సాహిత్య అనువాదకుల సంఘం వచ్చింది. అది చేసే ముఖ్యమైన పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది. సభ్యులకి వచ్చిన కాంట్రాక్టులని చదివి, ఎక్కడ మోసపోతున్నారో చెప్పడం. పరకాయ ప్రవేశం గురించి ఎవరైనా మాట్లాడగలరు. పదకొండో క్లాజ్ గురించి మాట్లాడేవాడు కావాలి.

1976 నవంబర్‌లో నైరోబీలో యునెస్కో అనువాదకుల గురించి ఒక సిఫార్సుని ఆమోదించింది. రాతపూర్వక ఒప్పందం ఉండాలి. న్యాయమైన పారితోషికం ఉండాలి. అచ్చైన ప్రతి కాపీలో అనువాదకుడి పేరు కనపడేలా ఉండాలి. అతనికి చెప్పకుండా అనువాదంలో మార్పులు చెయ్యకూడదు. పనికి తగినంత సమయం ఇవ్వాలి. అనువాదకులు సంఘాలు పెట్టుకోవడాన్ని ప్రోత్సహించాలి. యాభై ఏళ్ళ నాటి కాగితం ఇది. ఆ హాల్లోని వేదిక మీద ఏడుగురిలో ఒక్కరు కూడా దీని ఊసెత్తలేదు.

*

తపస్సు అనేవాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట ఎవరికి లాభమో చూడండి. తపస్సు చేసేవాడికి ఇన్వాయిస్ ఉండదు.

ఇది కొత్త రోగం కూడా కాదు. మెకంజీ కైఫీయత్తుల పేరు వినని తెలుగు చరిత్ర విద్యార్థి ఉండడు. ఊరూరా తిరిగి శాసనాలు, గ్రామ చరిత్రలు సేకరించి, వాటి సారాన్ని ఇంగ్లీషులో పెట్టిన పనికి వెన్నెముక కావలి సోదరులు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. మన తెలుగువాళ్ళు. బొర్రయ్య 1803లో చనిపోతే లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకున్నాడు. 1821లో మెకంజీ పోయాక, పని నేను కొనసాగిస్తాను అని లక్ష్మయ్య అడిగాడు. ఒక నేటివ్ ఆ పనికి నాయకత్వం వహించగలడని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. దొరకి అక్షరం ముక్క చదివిపెట్టినవాడు, ఆ దొర పోయాక పనికిరానివాడయ్యాడు. సేకరణ పేరు మాత్రం ఇప్పటికీ మెకంజీదే. ఇది తెల్లవాళ్ళ దురహంకారం అని తిట్టుకుని ఊరుకోవచ్చు. కానీ తెలుగు ప్రచురణకర్త కవర్ మీద నుంచి అనువాదకుడి పేరు తీసేసి మూడో పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తే, అది ఏ దొర చేసిన పని?

మనవాళ్ళు శరత్ బాబుని తెలుగు రచయితే అనుకున్నారని గర్వంగా చెప్పుకుంటాం. అలా అనుకునేలా చేసినవాళ్ళలో చక్రపాణి ఒకరు. మదనపల్లె శానిటోరియంలో క్షయకి చికిత్స తీసుకుంటూ బెంగాలీ నేర్చుకున్న మనిషి. ఇవాళ చక్రపాణి అంటే విజయా వాళ్ళ సినిమాలే గుర్తొస్తాయి. మూలరచయిత తెలుగువాడైపోవడం అనువాదకుడి విజయం, నిజమే. కానీ ఆ విజయంలోనే అతను మాయమైపోతాడు. మాయమైనవాడికి పారితోషికం గుర్తుపెట్టుకుని ఇచ్చేదెవరు?

దీనికి మినహాయింపు ఒకటి ఉంది. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం. అక్కడ ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు తెలుగు అనువాదకులుగా ఉద్యోగం చేశారు. ఉద్యోగం. మన ఇళ్ళల్లో పాత అట్టల్లో ఇప్పటికీ దొరికే గోర్కీలూ టాల్‌స్టాయిలూ జీతం పుచ్చుకుని చేసిన పని. జీతం తీసుకున్నందుకు వాటి సాహిత్య విలువ తగ్గిందని ఎవరైనా అనగలరా? అక్కడ పని చేసివచ్చిన రా.రా. "అనువాద సమస్యలు" రాస్తే, ఆ పుస్తకానికి 1988లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అనువాదం గురించి అంత నిక్కచ్చిగా ఆలోచించిన భాష మనది. అనువాదకుడి గురించి మాత్రం ఆలోచించలేదు.

అకాడమీ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. సాహిత్య అకాడమీ ప్రధాన అవార్డు లక్ష రూపాయలు. 1989 నుంచి ఇస్తున్న అనువాద పురస్కారం 50 వేలు. సరిగ్గా సగం. ఇంటర్నేషనల్ బుకర్ 2016 నుంచి 50,000 పౌండ్లని రచయితకీ అనువాదకుడికీ చెరి సగం పంచుతోంది. 2025లో మన పక్కింటి కన్నడ కథలకి, "హార్ట్ ల్యాంప్"కి, ఆ బహుమతి వచ్చినప్పుడు బాను ముష్తాక్‌తో సమానంగా దీపా భాస్తి వేదిక మీద నిలబడింది. రెండు చోట్లా "సగం" అనే మాటే. అర్థం మాత్రం ఎంత వేరో!

*

ప్రచురణకర్తలు ఏమంటారో నాకు తెలుసు. "అయిదొందల కాపీలు వేస్తే మూడేళ్ళకి అమ్ముడుపోవు. మీకు రాయల్టీ ఎక్కణ్ణుంచి తేవాలి?" ఇది అబద్ధం కాదు. తెలుగులో పుస్తకం వేసేవాడు కోటీశ్వరుడేం కాదు. కానీ కాంట్రాక్ట్ రాయడానికి డబ్బు ఖర్చు కాదు. ఒక కాగితం చాలు. "ఇంత ఇస్తాం" అని రాయలేకపోతే "ఏమీ ఇవ్వలేం, హక్కులు మీవే" అనైనా రాయండి.

ఇంకో మాట. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనువాదం కూడా స్వతంత్ర రచనే, దాని కర్త అనువాదకుడే. 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో లేని హక్కుల బదిలీ చెల్లదు. కాలం రాయకపోతే అయిదేళ్ళే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంటే "మనవాళ్ళే కదా" పద్ధతిలో పుస్తకం వేసిన ప్రచురణకర్తకి రేపు ఆడియో పుస్తకానికో, ఈ-బుక్‌కో తన దగ్గర హక్కు ఉందని చూపించడానికి ఏమీ లేదు. 57వ సెక్షన్ కింద, హక్కులన్నీ అమ్ముకున్నా కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు అనువాదకుడికి మిగిలే ఉంటుంది. ఇవి లాయర్లకి తెలిసిన విషయాలు. అనువాదకులకి చెప్పేవాళ్ళే లేరు.

సరే, ఇప్పుడు మనవైపు తప్పు కూడా ఒప్పుకుందాం. మూలరచయిత అనుమతి లేకుండా అనువాదం చేసి, అచ్చేసి, "సాహిత్య సేవ" అని చెప్పుకున్నవాళ్ళు మనలో తక్కువమంది లేరు. తనకి రాని భాష నుంచి ఇంగ్లీషు మీదుగా చేసి, ఆ ఇంగ్లీషు అనువాదకుడి పేరు ఎక్కడా చెప్పనివాళ్ళున్నారు. నిజమైన వృత్తి సంఘం ముందు నిలదీయాల్సింది వీళ్ళనే. తన సభ్యుణ్ణి ఒక్కణ్ణి కూడా ఎప్పుడూ తప్పుపట్టని సంఘం భజన మండలి అవుతుంది.

విమర్శకుల తప్పూ ఉంది. నేను గత ఆరేళ్ళలో రాసిన సమీక్షలు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. అనువాద పుస్తకాల మీద పదకొండు. వాటిలో తొమ్మిదింట్లో అనువాదం గురించి నేను రాసింది ఒకే వాక్యం, మాటలు అటూ ఇటూ మార్చి: "అనువాదం సాఫీగా ఉంది." రెండింట్లో ఆ వాక్యం కూడా లేదు. సిగ్గేసింది.

*

పుస్తకాల గోల పక్కన పెడదాం. ఇంతకంటే పెద్ద విషయం కోర్టుల్లో ఉంది. నిందితుడికి అర్థంకాని భాషలో సాక్ష్యం నడుస్తుంటే, దాన్ని అతనికి తెలిసిన భాషలో బహిరంగ కోర్టులో చెప్పాలని 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్ చెప్పింది. కొత్తగా వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ నియమం ఉంది. దుబాసీ నిజమే చెప్పాలని కూడా చట్టం అంటుంది. బాగుంది. కానీ ఆ దుబాసీ ఎవరు? అతనికి ఏ అర్హత ఉండాలి? ఎన్ని గంటలు ఏకబిగిన పని చెయ్యొచ్చు? నిందితుడికి చుట్టమో, పోలీసులకి తెలిసినవాడో అయితే ఏం చెయ్యాలి? ఆ సెక్షన్లు వీటికి జవాబు చెప్పవు.

ఆదిలాబాద్‌లో గోండీ, కొలామీ మాట్లాడే మనిషిని, భద్రాచలం ఏజెన్సీలో కోయ మాట్లాడే మనిషిని, శ్రీకాకుళం వైపు సవర మాట్లాడే మనిషిని తలుచుకోండి. తెలుగు మనకి ఇంటి భాష. అతనికి అది ప్రభుత్వ భాష. ఇంగ్లీషు ముందు మనం ఎలా నిలబడతామో, మన తెలుగు ముందు అతను అలా నిలబడతాడు. అక్కడ "దొరికినవాణ్ణి పిలు" అన్న పద్ధతి నడిస్తే, న్యూరెంబర్గ్‌లో గోరింగ్‌కి దక్కిన జాగ్రత్త మన అడవిలో మనిషికి దక్కలేదని అర్థం.

ఒక్క పదం ఎంత చెయ్యగలదో ఒక ఉదాహరణ. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో స్పృహలేని ఒక కుర్రాణ్ణి ఆసుపత్రికి తెచ్చారు. ఇంటివాళ్ళు స్పానిష్‌లో ఒక మాట అన్నారు. తిన్నదేదో పడలేదని వాళ్ళ ఉద్దేశం. అక్కడ శిక్షణ ఉన్న దుబాసీ లేడు. విన్నవాళ్ళు దాన్ని మత్తుమందు వ్యవహారంగా అర్థం చేసుకున్నారు. మెదడులో రక్తస్రావం సంగతి ఆలస్యంగా బయటపడింది. కుర్రాడి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. పరిహారం ఒప్పందం 7 కోట్ల 10 లక్షల డాలర్ల దాకా వెళ్ళింది. నా టికెట్‌లోని పెద్దావిడ అదృష్టవంతురాలు. వంటింట్లో పడి, లేచింది.

*

సంఘం అనగానే కొందరికి భయం వేస్తుంది. నాకూ ఉంది. మా ఐటీలో యూనియన్ అంటే నవ్వేవాళ్ళే ఎక్కువ, ఒకప్పుడు నేనూ ఆ నవ్వేవాళ్ళలోనే. తెలుగు సాహిత్యంలో సంఘం అంటే 1943 నాటి అరసం, 1970 నాటి విరసం గుర్తొస్తాయి. అవి భావాల మీద కట్టిన సంఘాలు. భావం కుదరకపోతే చీలిపోతాయి. వృత్తి సంఘంలో నీ పక్క సభ్యుడు ఏ పార్టీవాడైనా, ఏ దేవుడికి మొక్కినా పర్లేదు. ఇద్దరి కాంట్రాక్టూ ఒకటే.

ఇంకో భయం న్యాయమైనదే. సంఘాలు కోటగోడలు కడతాయి. ఆ కాన్ఫరెన్స్ దుబాసీల సంఘమే అందరూ ఇంతే తీసుకోవాలని రేట్లు పెట్టినందుకు, అది పోటీకి విరుద్ధమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1997లో తేల్చింది. మన దగ్గర అయితే ఇంకా విడ్డూరం. 2015లో కాంపిటిషన్ కమిషన్ కర్ణాటక ఫిల్మ్ చాంబర్‌కి జరిమానా వేసింది. ఎందుకు? ఇతర భాషల సినిమాలు కన్నడలోకి డబ్బింగ్ కాకుండా అడ్డుకున్నందుకు. అనువాదాన్నే ఆపిన సంఘం! మన సినిమా మొదటి డబ్బింగ్ చిత్రం "ఆహుతి"కి 1950లో మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. అలాంటి గోడ ఇక్కడ ఉండుంటే శ్రీశ్రీ ఆ పని చేసేవాడే కాదు.

కాబట్టి రేటు నిర్ణయించే సంఘం వద్దు. కాంట్రాక్ట్ నమూనా, పని పరిస్థితులు, ప్రవర్తనా నియమావళి, ఈ మూడూ చాలు. అంతకంటే ముఖ్యంగా, "ప్రామాణిక తెలుగు" పరీక్ష పెట్టే సంఘం అసలే వద్దు. గిడుగు పోరాడి వందేళ్ళు దాటింది. ఇప్పుడు మళ్ళీ కొందరు కూర్చుని "పొద్దుమీకింది" అని రాసినవాడికి మార్కులు కొయ్యడం మొదలుపెడితే, ఆ సంఘం పుట్టకపోవడమే మేలు. ఆదిలాబాద్ రైతుకి చెప్పాల్సిన మాట ఆదిలాబాద్ తెలుగులో చెప్పగలిగినవాడే అక్కడ అర్హుడు.

పరీక్షల సంగతి ఎలా పక్కదారి పడుతుందో చూడాలంటే ఆస్ట్రేలియా వెళ్ళాలనుకునే మన ఫ్రెండ్స్‌ని అడగండి. అక్కడ 1977లో మొదలైన నాటీ అనే సంస్థ అనువాదకులకి, దుబాసీలకి గుర్తింపు ఇస్తుంది. మూడేళ్ళకోసారి ఆ గుర్తింపుని మళ్ళీ నిలబెట్టుకోవాలి. దాని పక్కనే 1987 నుంచి ఆసిట్ అనే వృత్తి సంఘం ఉంది. నిష్పక్షపాతం, గోప్యత, తనకి చేతకాని పని ఒప్పుకోకపోవడం అనే నియమాలతో. గొప్ప ఏర్పాటు. కానీ మనవాళ్ళకి నాటీ అంటే తెలిసింది సీసీఎల్ ఒక్కటే. రెండు తెలుగు-ఇంగ్లీషు సంభాషణలు, 90కి 63 వస్తే పాస్, పీఆర్‌కి అయిదు పాయింట్లు. అది పాసైతే దుబాసీగా పని చేసే అర్హత రాదు. అయినా దానికి కోచింగులు, మెటీరియళ్ళు. మా కొలీగ్ ఒకడు నెల రోజులు "సూపర్‌యాన్యుయేషన్"ని తెలుగులో ఏమనాలో బట్టీ పట్టాడు. జీవితంలో తెలుగు మీద అంత శ్రద్ధ పెట్టడం అదే మొదలు, అదే చివర. తప్పు అతనిది కాదు. తెలుగు-ఇంగ్లీషు మధ్య నిలబడి మాట్లాడడం ఒక నైపుణ్యమని అతనికి మొదటిసారి చెప్పింది ఒక వీసా ఫారం.

*

చివరి అభ్యంతరం నా ఫీల్డ్ నుంచే వస్తుంది. "ఏఐ వచ్చేసింది, ఇంక అనువాదకులెక్కడ? లేని వృత్తికి సంఘమా?"

సుప్రీంకోర్టు 2019 నుంచి తీర్పుల అనువాదానికి సువాస్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతోంది. కేంద్ర ప్రభుత్వానికి భాషిణి ఉంది. ఇవి ఉపయోగం లేనివని నేననను. వాటి వెనకాల ఉన్న గణితం నాకు కొద్దిగా తెలుసు, గౌరవం ఉంది. కానీ ఆ మెషిన్లు తెలుగు ఎక్కడ నేర్చుకున్నాయి? మనుషులు చేసిపెట్టిన అనువాదాల్లోంచే. పక్కపక్కన పెట్టిన లక్షల వాక్యాల జంటల్లోంచి. మెకంజీ సేకరణకి కావలి సోదరులెంతో, ఈ మోడళ్ళకి పేరులేని అనువాదకులంత. ఈసారి దొర స్థానంలో ఉన్నది మేము.

ఏజెన్సీల్లో ఇప్పుడు కొత్త పద్ధతి నడుస్తోంది. "మెషిన్ చేసేసింది, మీరు ఊరికే ఒకసారి చూసిపెట్టండి" అని షీట్ పంపి, రేటు కోస్తారు. బాధ్యత మాత్రం కొయ్యరు. తప్పొస్తే చూసినవాడిదే. ఇందాకటి స్ట్రింగ్‌ని ఒక మెషిన్‌కి ఇచ్చి చూశాను. క్షణంలో "ఉపవాసం అవసరం" అని ఇచ్చింది. దాని పక్కన ప్రశ్న లేదు. ఖాళీ కనిపిస్తే నింపేసింది. మనిషి దగ్గర మనం డబ్బిచ్చి కొనుక్కునేది ఆ సందేహాన్ని. ఆ సందేహం రాసిన కాలమ్‌నే చెరిపేసే వ్యవస్థలో మనిషి ఉన్నా ఒకటే, మెషిన్ ఉన్నా ఒకటే. కాబట్టి ఏఐ వచ్చాక సంఘం అవసరం తగ్గలేదు, పెరిగింది. మెషిన్ వాడిన చోట వాడామని చెప్పాలి. సరిచూసిన మనిషికి సరిచూసేంత సమయం, దానికి తగ్గ డబ్బు ఇవ్వాలి. అతని అనువాదాన్ని మోడల్ శిక్షణకి వాడుకోవాలంటే ముందు అడగాలి. ఈ మూడు షరతులు ఒంటరి అనువాదకుడు పెడితే నవ్వుతారు. మూడొందల మంది కలిసి పెడితే చదువుతారు.

మూడొందల మంది ఎక్కణ్ణుంచి వస్తారంటారా? సాహిత్య అనువాదకులు ఒక్కళ్ళే అయితే రారు. కోర్టుల్లో తర్జుమా చేసేవాళ్ళు, డబ్బింగ్ మాటలు రాసేవాళ్ళు, ఓటీటీలకి సబ్‌టైటిల్స్ చేసేవాళ్ళు, న్యూస్ డెస్కుల్లో రాత్రి రెండింటికి ఏజెన్సీ కాపీని తెలుగు చేసే సబ్ ఎడిటర్లు, స్ట్రింగుల షీట్లతో కుస్తీ పట్టేవాళ్ళు, గోండీకీ తెలుగుకీ మధ్య నిలబడే టీచర్లు. వీళ్ళెవరూ ఒకరినొకరు అనువాదకులుగా చూసుకోరు. సాహిత్యం వాళ్ళకి స్ట్రింగులు చిన్నచూపు, స్ట్రింగుల వాళ్ళకి సాహిత్యం దండగ. ఒకే కులంలో వేరే ఊరివాళ్ళలాగా ఉన్నారు. ముందు వీళ్ళు ఒక గదిలో కూర్చోవాలి. వచ్చే సెప్టెంబర్ 30న ఆ హాల్ ఎలాగూ బుక్ చేస్తారు. శాలువా డబ్బుతో ఒక లాయర్ని పిలవండి. వేదిక తీసేసి కుర్చీలు గుండ్రంగా వెయ్యండి. రెండు పేజీల కాంట్రాక్ట్ నమూనా ఒకటి తయారు చేసి, సాయంత్రానికి అందరి ఫోన్లలోకి పంపండి. మొదటి సమావేశానికి అది చాలు. నా వంతుగా, ఇకమీదట అనువాద పుస్తకం సమీక్షకి వస్తే ప్రచురణకర్తని ముందు ఒక ప్రశ్న అడుగుతాను: అనువాదకుడితో రాతపూర్వక ఒప్పందం ఉందా? జవాబు ఏమొచ్చినా, రాకపోయినా, అదే సమీక్షలో రాస్తాను.

ఆ స్ట్రింగ్ మార్చాం. ఇప్పుడు అక్కడ "పరగడుపున రావాలి. మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు" అని ఉంటుంది. ఆ రెండు వాక్యాల్లో మొదటి పదం నాది కాదు, మా టీమ్‌లో ఎవరిదీ కాదు. ఎవరిదో కనుక్కుని థాంక్స్ చెప్దామని ఏజెన్సీకి మెయిల్ పెట్టాను. వెండర్ కోడ్ ఒకటి పంపారు, నాలుగు అంకెలు. పేరు వాళ్ళ దగ్గర కూడా లేదట.